బుధవారం రిపేరు

బుధవారం పదయ్యేసరికి ఆర్వో కంగస్ ఇంట్లో ఫోన్ మోగింది.

"ఇంజనీరు గారూ, మా బెల్లు మోగడం మానేసింది," అంది మార్లిస్.

"పోయిన వారమేగా బాగుచేసి వచ్చాను?"

"పోయిన వారం చేసింది కుళాయి. ఇది బెల్లు. రెండింటికీ తేడా తెలుసుగా?"

ఆర్వో గొణుక్కుంటూ చొక్కాకి వృద్ధుల కేంద్రం వాళ్ళిచ్చిన పసుపు బ్యాడ్జీ తగిలించుకున్నాడు. పనిముట్ల పెట్టె ట్రక్కులో పడేసి, మంచులో నాలుగు వీధులు దాటి వెళ్ళాడు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. కుర్రతనంలో వియత్నాం యుద్ధానికి వెళ్ళి అమెరికా సైన్యానికి వంతెనలు కట్టాడు. తిరిగొచ్చాక మా ఊరి ఇనుప గనిలో, నీళ్ళు తోడే పంపులకి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజనీరుగా చేశాడు. భార్య అయిలీ పోయాక మాత్రం రెండు చలికాలాలు గడప దాటలేదు. కిటికీ తెరలు కూడా తియ్యలేదు.

అప్పుడే వృద్ధుల కేంద్రం నడిపే డెనీస్ వచ్చి తలుపు కొట్టింది.

"పెద్దవాళ్ళ ఇళ్ళల్లో ఉచితంగా రిపేర్లు చేసిపెట్టే మనిషి కావాలి ఆర్వో గారూ. ముఖ్యంగా ఆ మార్లిస్ అనే ఆవిడకి. ఊరికి కొత్త, ఒక్కతే ఉంటోంది. స్క్రూ ఎటు తిప్పితే ఊడుతుందో కూడా తెలీదు పాపం."

"అదీ తెలీకుండా ఇన్నేళ్ళు ఎలా బతికింది?" అని విసుక్కున్నాడు ఆర్వో. మర్నాడు గడ్డం గీసుకుని బయల్దేరాడు.

అది జరిగి ఏడాది. ఇప్పుడు చర్చి హాలు పైకప్పు నుంచి ముసలివాళ్ళ మెట్ల పక్క రెయిలింగుల దాకా ఊళ్ళో సగం పనులు ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. కానీ మార్లిస్ ఇంట్లో వస్తువులు పాడయ్యే తీరే వేరు. టోస్టరు, గరాజు తలుపు, ఫ్రిజ్ లైటు, దాదాపు వారానికొకటి. ఒకసారి హీటరు ఎంత చిత్రంగా ఆగిపోయిందంటే, కారణం కనిపెట్టడానికే మూడు గంటలు పట్టింది. ఆ రోజు ఆర్వో ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఆర్వో బెల్లు విప్పుతుంటే మార్లిస్ గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

"ఇంత బెల్లుతో కుస్తీ పడుతున్నావు. యుద్ధంలో వంతెనలు ఎలా కట్టావయ్యా?"

"వాటి మీద ట్యాంకులు నడిచాయి. ఒక్క ట్యాంకూ నీలా వాగలేదు."

ఊడిన తీగ దొరికింది. బిగించాడు. బెల్లు మోగింది. ఆవిడ మాంసం కూరి కాల్చిన వేడివేడి పేస్టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆర్వో విరిచి చూసి మొహం చిట్లించాడు.

"మాంసంలో క్యారెట్ వేశావా? మా ఊళ్ళో ఇది నేరం."

"అయితే తినకు."

తిన్నాడు. ఇంకోటి అడిగి మరీ తిన్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో గోర్డీ పట్టుకున్నాడు. గనిలో పాత స్నేహితుడు.

"ఏరా, ఆవిడ ఇల్లు బాగుచేస్తున్నావా, కాపురమే పెట్టావా? ఏడాదిలో ముప్ఫై ఎనిమిది సార్లు వెళ్ళావటగా!"

అందరూ నవ్వారు. ఆర్వో కూడా నవ్వాడు. అంతలో వెనక బల్ల దగ్గర ఎవరో మెల్లగా అన్న మాట చెవిన పడింది.

"పాపం, వయసైపోయింది. చేసిన పని వారం కూడా నిలబడట్లేదు."

కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. రెండు చేతులూ బల్ల మీద చాపి చాలాసేపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం వెళ్ళి డెనీస్ ముందు పసుపు బ్యాడ్జీ పెట్టేశాడు.

"నా పని వారం కూడా నిలబడట్లేదంటున్నారు. నిన్న బెల్లు. రేపు ఎవరింట్లోనో గ్యాస్ గొట్టం. ఒకరి ప్రాణం మీదికి తెచ్చేలోపు మానేస్తాను."

"మానేసి ఏం చేస్తారు?"

"ఇంట్లో ఉంటాను."

డెనీస్ మొహం పాలిపోయింది. "ఒక్క పావుగంట కూర్చోండి" అని పక్కగదిలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

పది నిమిషాల్లో మార్లిస్ ఊడిపడింది. కోటు బొత్తాలు పెట్టుకోలేదు. బూట్ల నిండా మంచు.

"ఎవడయ్యా నీ పని నిలబడట్లేదన్నది? బెల్లు తీగ పీకింది నేనే. కుళాయిలో వాషరు తీసేసింది నేనే. హీటరు కూడా నేనే!"

ఆర్వో కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకూ?"

మార్లిస్ ఒకసారి డెనీస్ వైపు చూసింది. తల దించుకుంది.

"ఒక్కదాన్నీ కూర్చుని తినలేక."

ఆర్వో ఆవిడకి కుర్చీ జరిపాడు.

"ఆ ముక్క నోటితో చెప్తే నేను రానా?"

"చెప్తే వచ్చే మొహమేనా నీది?"

ఆర్వో ఆలోచించాడు. కాదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. బ్యాడ్జీ తీసుకుని మళ్ళీ చొక్కాకి తగిలించుకున్నాడు.

"నువ్వు వెళ్ళి ట్రక్కులో కూర్చో, దింపేస్తాను" అని మార్లిస్‌ని పంపి, డెనీస్ వైపు వంగి గొంతు తగ్గించాడు.

"పైకి గయ్యాళిగా కనిపిస్తుంది గానీ, లోపల ఒంటరి మనిషి. ఇకనుంచి శనివారాలు కూడా వెళ్ళొస్తాను. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలిగా!"

"ఉండాలి ఆర్వో గారూ," అంది డెనీస్.

ట్రక్కు వీధి మలుపు తిరిగాక, ఆమె కేంద్రం సేవల పుస్తకం తీసి ఆ వారం వరసలో ఇలా రాసింది: "స్వచ్ఛంద సేవకురాలు: మార్లిస్ హూక్‌స్ట్రా, గల్ఫ్ యుద్ధంలో హెలికాప్టర్ల మెకానిక్, రిటైరైన ఇంజనీరు. ఇంట్లోంచి బయటికి రప్పించవలసిన ఒంటరి వృద్ధుడు: ఆర్వో కంగస్. ఈ వారం చేసిన సేవ: బెల్లు తీగ పీకడం."