తేడా లేదు

డాక్టర్ ప్రిస్కిల్లా జీపు దిగలేదు. తలుపు తీసి, మళ్ళీ వేసుకుని, కాసేపు అలాగే కూర్చుండిపోయింది. ఎదురుగా తుఫాను షెల్టర్. అందులో ఊరి రోగులంతా ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళకు చెప్పాల్సిన మాట ఒక్కటే. మందు పనిచెయ్యలేదు.

ప్రిస్కిల్లా కిడ్నీ డాక్టరు. పొద్దుట శ్రీకాకుళంలో డయాలసిస్ వార్డు, మధ్యాహ్నం నౌపడ దగ్గర ఈ ఉప్పుమళ్ళ ఊళ్ళో పరిశోధన. రెండు పడవల మీద కాళ్ళు పెట్టావని మొగుడు ఎగతాళి చేస్తుంటాడు. వార్డులో కుర్చీ దొరికితే కునుకు, జీపులో సీటు దొరికితే కునుకు. ఇంట్లో మాత్రం నిద్ర పట్టదు. ఎంతమందికి రక్తం శుభ్రం చేసి పంపినా, మర్నాటికి ఇంకొకరు గుమ్మంలో నిలబడి ఉంటారు. జబ్బును ఆదిలోనే ఆపే మందు ఒకటి దొరికితే చాలని ఆవిడ ఆశ.

అలాంటిదే ఒకటి దొరికింది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలి. రెండేళ్ళ కిందట ఈ షెల్టర్‌లోనే అందర్నీ కూర్చోబెట్టి, దాపరికం లేకుండా చెప్పింది.

"మీలో సగం మందికి అసలు మందు. మిగతా సగానికి ఉత్త పిండిబిళ్ళ. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎవరి సీసాలో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అలా అయితేనే మందు సత్తా తేలుతుంది."

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత నెలనెలా సీసాలు తీసుకున్నారు, రక్తం ఇచ్చారు. ఒక్కరూ ఒక్క పూటా మాత్ర మానలేదు. ఇంత బుద్ధిమంతులైన రోగులు ఇంకెక్కడా ఉండరని ప్రిస్కిల్లా కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

నిన్న మందు తయారుచేసే కంపెనీవాళ్ళు ఎవరి సీసాలో ఏముందో గుట్టు విప్పారు. మందు తిన్నవాళ్ళూ, పిండి తిన్నవాళ్ళూ ఒక్కలాగే ఉన్నారు. వీసమెత్తు తేడా లేదు. అందరికీ జబ్బు కాస్త నెమ్మదించింది. పిండి తిన్నా నెమ్మదించిందంటే ఇక అందులో మందు గొప్పేముంది? ఈమధ్య ఊరికి వస్తున్న మంచినీళ్ళ ట్యాంకరుదో, నెలనెలా వచ్చి పలకరించిన మనుషులదో అయ్యుండాలి. ఆవిడ అదే రాసి, పొద్దున్నే సంతకం పెట్టి పంపేసింది. కంపెనీ ఆ మందు తయారు చెయ్యడమే మానుకుంటోంది.

ఆవిడకు ఏడుపు కూడా రావడం లేదు. ఏడవడానికైనా ఓపిక ఉండాలి కదా.

"ఓలమ్మ, డాట్రమ్మొచ్చీసినాది!" షెల్టర్ మెట్ల మీంచి తాతమ్మ కేకేసింది. ఉప్పుమళ్ళలో కూలికి పోయే మనిషి. జబ్బు ఆవిడకీ ఉంది, అల్లుడు ఎర్రన్నకీ ఉంది. "ఏటమ్మా, మొకం అలగ పీక్కుపోనాది? అన్నం తిన్నావా, నేదా?"

ప్రిస్కిల్లా దిగి వెళ్ళి, ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడింది.

"మందు పనిచెయ్యలేదు తాతమ్మా. ఇవాళ్టితో సరి. ఇక ఇవ్వరు."

"పని సెయ్యకపోడమేటి? మా ఎర్రన్నని సూడు. ఏడాది తిరక్కుండా రగతం కడిగే మిసను ఎక్కించాలన్నావు. ఇయ్యేల మళ్ళోన ఉప్పు లాగతన్నాడు!"

ఆ మాట ప్రిస్కిల్లాకు ములుకులా గుచ్చుకుంది. చెప్పకుండా ఉందామనుకుంది గానీ, ఈ మనిషి దగ్గర దాచడానికి మనసొప్పలేదు.

"ఎర్రన్న సీసాలో ఉన్నది ఉత్త పిండే. అసలు మందు నీ సీసాలో ఉంది. మరి మీ ఇద్దరి రక్తంలో తేడా ఏమీ లేదే! అంటే ఆ మందులో ఏమీ లేనట్టేగా?"

తాతమ్మ నోరు తెరిచి చూసింది. వెనకాల ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ప్రిస్కిల్లా కళ్ళు మూసుకుని గోడకు చేరగిలబడింది. ఈ ఊరికి ఆశ పెట్టి, ఆ ఆశను తన చేత్తోనే తుంచేశాననుకుంది.

తాతమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"దానికేటమ్మా అంత బెంగ? పిండి ఆడొక్కడే తిన్నాడేటి? సగం మందికి పిండేనని నువ్వు సెప్పిన నాడే మాకు పేణం ఒప్పలేదు. ఎవుల పిల్లలు అన్నేయమైపోవాల? అందుకే నువ్విలా సీసాలిచ్చి ఎల్లగానే, నెలనెలా అందరి బిళ్ళలూ ఒక్క సేటలో పోసి కలిపీసి, ఏటమాంసం లాగ సమానంగా పోగులేసీసుకుని పంచుకున్నాం."