పాప బండి

నాన్న సైకిలు వెనక తగిలించిన పాప బండిని కారు రాసుకుపోయింది. బండి ఒరిగిపోయింది. బెల్టు పెట్టి ఉండడంతో లోపలున్న నాలుగేళ్ల పాపకు దెబ్బ తగల్లేదు.

వెనకే వస్తున్న తల్లి తన సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చి బండిని నిలబెట్టింది. అప్పటికే భర్త ఆగిన కారులోంచి ముసలి డ్రైవరును బయటికి లాగి, గాలికొట్టే పంపుతో బాదుతున్నాడు.

"కళ్లు నెత్తికెక్కాయా?"

"తప్పయిపోయింది బాబూ!"

మళ్లీ బాదాడు. చేతి ఎముక విరిగిన చప్పుడైంది. ముసలాయన కెవ్వుమన్నాడు.

"ఆపండి, చచ్చిపోతాడు!" అని ఆమె అడ్డం పడితే మోచేత్తో కొట్టాడు. పెదవి చిట్లింది.

పాప బండిలోంచి తల బయటపెట్టింది. "తాతా, అరవకు," అంది ఆరిందాలా. "అరవకపోతే నాన్న తొందరగా ఆపేస్తాడు. మా అమ్మ అసలు అరవదు."

పాప నిద్రపోతోందనుకుని ఇన్నాళ్లూ ఆమె దుప్పటి నోట్లో కుక్కుకుంది.

అంబులెన్సుకు ఫోన్ చేసింది.

"ఫోన్ పెట్టెయ్! ఇంటికి పద!" పంపు ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఎంతమందికి దెబ్బలు తగిలాయని అవతలివాళ్లు అడిగారు.

ఆమె నోటి రక్తం తుడుచుకుంది.

"ఇద్దరికండీ. ఒక పెద్దాయనకి, నాకు. పోలీసుల్ని కూడా పంపండి. కొట్టింది మా ఆయన."