నెస్టా అడిగిన చేప

"ముందు నీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకో. చేప నిన్ను చూసిందంటే ఇక సాయంత్రం దాకా ఆ చాయలకు రాదు," అన్నాడు గెథిన్.

ఎల్విన్ రెండడుగులు వెనక్కి వేశాడు. కాళ్ల కింద గులకరాళ్లు గరగరలాడాయి.

"ఏనుగులా నడవకు. నువ్వు అడుగేస్తే ఒడ్డు అదురుతుంది. అది వాటికి తెలుస్తుంది."

ఎల్విన్ బస్సు నడిపి రిటైరైన మనిషి. బుద్ధెరిగాక ఏనాడూ గాలం పట్టలేదు. తైవీ నది ఒడ్డున పుట్టి ట్రౌట్ చేప పట్టడం రానివాణ్ణి ఆ వేల్స్ ఊళ్లో చేతకానివాడి కిందే జమకడతారు. ఇన్నాళ్లూ అతను ఆ మాట నవ్వుతూ పడ్డాడు.

ఈ వయసులో గాలం పట్టింది భార్య నెస్టా కోసం. ఇక చేసేదేమీ లేదని ఆస్పత్రివాళ్లు ఆమెను ఇంటికి పంపేశారు. చెంచాడు సూపు కూడా గొంతు దిగడం లేదు. అలాంటిది తనంతట తానే నోరు తెరిచి, మన నదిలో ట్రౌట్ ఒకటి తినాలనుంది అంది. కొట్లో దొరికే పెంపుడు చేప తెచ్చిపెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఆ ఊళ్లో ట్రౌట్ అంటే గెథిన్. ఎల్విన్ సిగ్గు చంపుకుని అతని తలుపు తట్టాడు. మీరే ఒకటి పట్టివ్వండి అని అడిగాడు. గెథిన్ సగం తెరిచిన తలుపును అలాగే పట్టుకున్నాడు.

"నేను పట్టింది వద్దు. నువ్వు పట్టిందే పెట్టు. పొద్దున్నే రా," అని తలుపేసుకున్నాడు.

అప్పటినుంచి రోజూ పాఠాలే. రాయి తిరగేసి దాని అడుగున ఏ పురుగుందో చూడమన్నాడు. గాలానికి ఈకలతో కట్టిన దొంగ పురుగు అచ్చం దానిలాగే ఉండాలన్నాడు. దాన్ని విసిరికొట్టకూడదు, గాలికి రాలినట్టు నీళ్ల మీద వాలాలి. ఎల్విన్ విసిరిందల్లా వెనకనున్న చెట్టుకే తగులుకునేది. వంతెన మీద చేరినవాళ్లు చూసి ముసిముసిగా నవ్వుకునేవారు.

"బస్సు నడపడం కాదయ్యా ఇది," అన్నాడొకసారి గెథిన్, వాళ్లకు వినపడేటట్టే. "చెయ్యెత్తినవాళ్లనల్లా ఎక్కించుకుని పోవడానికి."

వంతెన మీద నవ్వులు ఆగిపోయాయి. ఎల్విన్ మొహం కందగడ్డలా అయింది. అయినా మాట తూలలేదు. అవసరం అతనిది.

అసలు భయం వేరే ఉంది. అక్కడ పట్టిన ప్రతి చేపనూ తిరిగి నీళ్లలో వదిలేయాలి. తడిచేత్తో పట్టుకుని, గాలం తీసి, దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఊళ్లో చేపలు పట్టేవాళ్ల సంఘంలో ఆ నియమం పెట్టించింది గెథినే. ఒక్క చేపను సంచిలో వేసుకున్నందుకు సొంత మేనల్లుణ్ణి కూడా వెళ్లగొట్టించిన మొండిఘటం. పట్టడం నేర్పుతున్నాడు సరే, తీసుకెళ్లనిస్తాడా? అడిగితే ఉన్నదీ పోతుందని ఎల్విన్ నోరు కట్టేసుకున్నాడు.

ఆ పొద్దున మొదటి చేప గాలానికి తగిలీ తగలగానే ఎల్విన్ కంగారుగా లాగాడు. దారం తెగింది.

గెథిన్ తిట్టలేదు. ఇంకో పురుగు తీసి కడుతూ, తలెత్తకుండానే, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"రాత్రి మంచినీళ్లు కూడా తాగలేదండి."

గెథిన్ వేళ్లలో ముడి జారిపోయింది. మళ్లీ కట్టాడు.

ఈసారి పురుగు మెత్తగా వాలింది. నీళ్లు ఒక్కసారి ఉబ్బాయి. లాగకు, వదులు, ఇప్పుడు తిప్పు అంటూ గెథిన్ చెవి పక్కనే చెబుతున్నాడు. చెప్పినట్టల్లా చేశాడు ఎల్విన్. చివరికి మోకాళ్ల మీద నీళ్లలో కూలబడి, చెయ్యి తడుపుకుని, చేపను పట్టుకుని గాలం తీశాడు. ఒళ్లంతా ఎర్రచుక్కలు, జానెడుకు పైనే ఉంది. పైకెత్తడానికి ధైర్యం చాలక, దాన్ని నీళ్లలోనే పట్టుకుని గురువు మొహంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"వదలకు," అన్నాడు గెథిన్.

మిగతా చోట్ల చేపలు పట్టేవాళ్ల దగ్గర, పట్టినదాన్ని చంపడానికి చిన్న కర్ర ఉంటుంది. గెథిన్ సంచిలో లేదు. ఒడ్డున రాయి వెతికి తెచ్చి, ఒక్క దెబ్బ వేశాడు.

నియమం నియమమే కదా గెథిన్, అన్నారెవరో వంతెన మీంచి.

"రేపు నా పేరు కొట్టేసుకోండి," అన్నాడు అతను, అటు చూడకుండానే.

చేపను తడి ఆకుల్లో చుట్టి ఎల్విన్ చేతిలో పెట్టాడు. ఉప్పులో ఊరిన పంది మాంసం పలచటి ముక్క చుట్టి సన్నటి సెగ మీద కాల్చమన్నాడు. ఉప్పు వద్దన్నాడు, ఆ మాంసంలో ఉన్నది చాలన్నాడు. "తల తీసేసి పెట్టు. ఆ కళ్లు చూస్తే ముద్ద దిగదు."

ఎల్విన్ కదల్లేదు. "మీరూ ఒకసారి రండి. నేనేమీ అనుకోను."

"ఎండెక్కుతోంది. పో."

ఎల్విన్ పొట్లాన్ని గుండెలకు అదుముకుని, ఈసారి చప్పుడు కాకుండా నడిచి వెళ్లాడు. గెథిన్ నీళ్ల దగ్గర కూర్చుని చేతుల నెత్తురు కడుక్కున్నాడు. నెత్తురు పోయాక కూడా చాలాసేపు కడుగుతూనే ఉన్నాడు.

నెస్టా గెథిన్ భార్యగా ఉన్న ఇరవై ఏళ్లలో, ఆమె ఎన్నిసార్లు నోరు తెరిచి అడిగినా, అతను నదికే వదిలాడు తప్ప ఒక్కనాడూ ఇంటికి తేని చేప అది.