ఎనిమిదో అధికారం

“టేసనుకు తోడుకొని రమ్మని ఉత్తరవు వచ్చిండాది, ఉపదేశయ్యా,” అన్నాడు చెల్లయ్య గుమ్మం బయటే నిలబడి. చేతిలో ఉన్న తలయారి కర్రను ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియడం లేదు.

వేదముత్తు ఉపదేశి బయటికి వచ్చాడు. అప్పటికే గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. చంకలో మూట, మూటలోంచి కంబళి కొస కనిపిస్తోంది.

“ఈ సిత్తిరై ఎండలో కంబళి యాలయ్యా?”

“యాడికి పంపుతారో ఎవురికి తెలుసు? పద.”

కోవిల్‌పట్టికి నల్లరేగడి చేల మధ్యగా మూడు మైళ్ళ నడక. చెల్లయ్య ఆరు రోజులు సర్కారు మనిషి. మునసబు కేకేస్తే పరుగెత్తాలి, పట్టుకురమ్మన్నవాణ్ణి పట్టుకుపోవాలి. ఏడో రోజు మాత్రం దేవుడి మనిషి, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి ముందు చాపమీద కూచుంటాడు. ఇన్నేళ్ళూ ఈ ఇద్దరు యజమానులూ ఒకరి జోలికి ఒకరు పోకుండా అతన్ని బతకనిచ్చారు. పోయిన ఆదివారంతో ఆ సుఖం తీరిపోయింది.

దొర క్యాంపు వస్తోందనీ, గుడారాలు మోయడానికి ఇంటికొకరు వెట్టికి రావాలనీ మునసబు శనివారం చాటింపు వేయించాడు. ఆదివారం ఉపదేశి సమూయేలు గ్రంథం ఎనిమిదో అధికారం తీశాడు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా గుడిలో చదివేది అరవ బైబిలు. అందులో అధ్యాయాన్ని అధికారమంటారు. మాకొక రాజు కావాలని జనం పట్టుబడితే సమూయేలు ఏమన్నాడో చదివి వినిపించాడు. రాజు మీ కొడుకుల్ని తన రథం ముందు పరుగెత్తిస్తాడు, మీ కూతుళ్ళను వంటకు పెట్టుకుంటాడు, మీ పొలాలు లాక్కుంటాడు.

“రాజును పెట్టుకోమని దేవుడు చెప్పలే, మనిసే అడిగి తెచ్చుకొనె,” అన్నాడు ఉపదేశి. “మనిసికి యజమాని పైవాడొక్కడే. ఇష్టముంటే ఎవురి మూటైనా మొయ్యండి. ఇష్టం లేనోడి బుజం మీద మూట పెట్టేదానికి యా దొరకూ హక్కు లేదు. పోవద్దు.”

సోమవారం క్యాంపుకు పోయింది చెల్లయ్య ఒక్కడే. గురువారం స్టేషనుకు ఆకాశరామన్న ఉత్తరం చేరింది. ఇంకేముంది, వీధి వీధంతా అతన్ని యూదాసును చూసినట్టు చూసింది. కట్టుకున్న పొన్నుత్తాయి కూడా కూడు వడ్డిస్తూ “నువ్వేనా?” అంది. ఆ ఒక్క మాటకు అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

సగం దారిలో చెల్లయ్య ఆగిపోయాడు. “అయ్యా, పదిగంటలకు విరుదుపట్టి రైలుండాది. ఎక్కి పో. ఇంట్లో లేవని చెప్పేస్తా.”

“నీ ఉద్యోగం?”

“పోతే పోనీ.”

“తప్పురా. పవులు రోమరుకు రాసిన జాబులో పదమూడో అదికారం మరిస్తివా? దొరతనం దేవుడు పెట్టిందే. దానికి లోబడాల, ఏమీ దాచగూడదు.”

చెల్లయ్యకు బుర్ర తిరిగిపోయింది. “ఎనిమిదిలో రాజు వద్దంటివి. పదమూడులో లోబడమంటావు. రెండిట్లో ఏది నిజమయ్యా?”

“రెండూ దేవుడి మాటే. రెండూ చెయ్యాల. అదేరా కష్టం,” అని ఉపదేశి మూట సర్దుకుని ముందుకు నడిచాడు.

స్టేషనులో సబ్‌ఇన్‌స్పెక్టరు నెల్లూరాయన. అది ముప్పై రెండో సంవత్సరం; కాంగ్రెసు గొడవలతో ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఉపదేశిని వసారాలో కూచోబెట్టి, ముందు చెల్లయ్యను లోపలికి పిలిచాడు. ఉత్తరం తీసి చదివాడు.

“‘వేదముత్తు ఎనిమిదో అధికారం ప్రకారం ఎవరూ వెట్టికి పోవద్దన్నాడు. పదమూడో అధికారానికి లోబడి తెలియజేసుకుంటున్నాను.’ ఏందిరా ఇది? ఈ ఊళ్ళో అధికారం నాదొక్కటే అనుకుంటిని. మీ జట్టులో మొత్తం ఎన్నున్నాయి?”

“సమూయేలు మొదటి పుస్తకంలో ముప్పై ఒకటి, సామీ. రోమరులో పదహారు.”

సబ్‌ఇన్‌స్పెక్టరు గబగబా రాసుకున్నాడు. “ఎవడా సమూయేలు? ఏ ఊరు?”

“వేదంలో ఉండాడు సామీ. ఒకటో అదికారం, రెండో అదికారం... వరసగా చదువుతారే!”

“ఓరి మీ తెలుగు తగలెయ్య! అధ్యాయమా?”

ఆయన రాసింది కొట్టేశాడు. తర్వాత గొంతు మారింది. “సరే. ఆ పూట నువ్వక్కడున్నావు. సర్కారు ఉప్పు తింటున్నావు. వెట్టికి పోవద్దన్నాడా, లేదా? అన్నాడని నువ్వు వేలిముద్ర వేస్తే అతనికి ఆర్నెల్లు జైలు.”

అబద్ధసాక్ష్యం పలకరాదన్న ఆజ్ఞ చెల్లయ్యకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. సమూయేలును తలచుకున్నాడు, పవులును తలచుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు లాగారే గానీ దారి చూపలేదు. కిటికీలోంచి ఉపదేశి నెరిసిన తల కనిపించింది.

“అనలే, సామీ. పొయ్యి ఒళ్ళొంచి మొయ్యండనె.”

“మరి నువ్వు తప్ప ఒక్కడూ రాలేదే?”

“మావాళ్ళు యాపొద్దు ఉపదేశి మాట వినిరి, సామీ?”

సబ్‌ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వి ఉత్తరాన్ని ముక్కలు చేశాడు. ఏదో చెప్పబోతూ లోపలికి వచ్చిన ఉపదేశిని “నీ అధ్యాయాలు నాకొద్దు, పోవయ్యా!” అని తోలేశాడు.

రోడ్డెక్కాక చెల్లయ్యకు కళ్ళనీళ్ళు వచ్చాయి. “నాచేత అబద్ధపు పొయ్ సాక్షి చెప్పించినాడు పేరు పెట్టకుండా ఆ మొట్టకడిదాసి రాసినోడు! నీకు తెలియకుండా ఉండదయ్యా. మన తెరువులో ఇంటింటికీ అచ్చరాలు నేర్పింది నువ్వే. వాడి పేరు చెప్పు, చెయ్యి విరిచేస్తా.”

ఉపదేశి కల్వర్టు మీద కూలబడ్డాడు. కంబళి మూట ఒళ్ళో పెట్టుకుని దాని ముడి విప్పాడు.

“రాసింది నేనేరా.”