ఎర్ర చిలక పెట్టిన గుడ్డు

"పెట్టిందోయ్! ఎర్రది గుడ్డు పెట్టింది!"

చిలకల మాస్టారు పక్షిశాల నుంచి ఇంటిదాకా ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. ఏ చిలకకు ఏది జతో చెప్పగలను గానీ నా చెప్పుల జత మాత్రం నాకు దొరకదని ఆయనే నవ్వుకుంటూ ఉంటారు.

ఎర్ర చిలకలు ఒక జాతి, ఆకుపచ్చవి ఇంకో జాతి అని పుస్తకాలన్నిటిలో రాసి ఉంది. కాదు, రెండూ ఒకే జాతి, ఎర్రది ఆడ, పచ్చది మగ అని మాస్టారి వాదం. జతకట్టి పిల్లల్ని కని, ఆ పిల్లలకూ పిల్లలు పుడితేనే ఒకే జాతి. ఆ పాఠం ఆయన దగ్గరే నేర్చుకున్న శిష్యుడు ఇప్పుడు పక్షిశాలకు అధికారి.

"మీ మాట కాదనలేక రెంటినీ ఒకే పంజరంలో పెడుతున్నాను మాస్టారూ. మీరు రిటైరయ్యేలోగా తేలకపోతే మాత్రం రెండు జాతులంటూ పాత బోర్డులే ఉంటాయి" అని ముందే చెప్పాడు.

రిటైర్మెంటు వచ్చే వారమే. జీవితమంతా మోసిన వాదం గట్టెక్కుతుందో, నట్టేట మునుగుతుందో అని మాస్టారికి నిద్ర పట్టడం మానేసింది.

"పుట్టబోయే పిల్లకి పేరు కూడా ఆలోచించాను" అన్నారు ఆయాసపడుతూ.

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందు ఆ పిల్లని బయటికి రానివ్వండి" అంది భార్య.

"పచ్చదాన్ని చూస్తే ఆ మాట అనవు. గూడు వదిలితే ఒట్టు! సున్నపు ముక్క పెడితే చాలు, కొరికి పొడి చేస్తోంది. పాపం, తండ్రి కాబోతున్నానన్న కంగారు."

"మన అమ్మాయి పుట్టినప్పుడు మీరు అడవిలో పిట్టల్ని లెక్కపెడుతున్నారు. మీకంటే ఆ చిలకే నయం."

"నిజమే. దాన్ని చూస్తే నాకే సిగ్గేస్తోంది" అని మాస్టారు ఒప్పేసుకున్నారు.

సాయంత్రం శిష్యుడు వచ్చి గుడ్డు చూశాడు. "ఎందుకైనా మంచిది, రెంటికీ రక్తపరీక్ష చేయిద్దామా మాస్టారూ?"

"గుడ్డు కళ్ళెదుట ఉంటే ఇంకా రక్తం ఎందుకు నాయనా? ఈ అనుమానం నీకు అంటించింది కూడా నేనే, నా ఖర్మ!"

శిష్యుడు అప్పటికప్పుడే రెండు బోర్డులూ పీకించి ఒకటే పెట్టించాడు. విలేకరులకు కబురు పంపాడు. మాస్టారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆనందం పట్టలేక ఉపన్యాసం రాసుకున్నారు. అందులో తన మతిమరుపు మీద ఒక జోకు, మిగతా పండితుల పొరపాట్ల మీద నాలుగు పేజీలు.

మర్నాడు పొద్దున విలేకరులందరి ముందూ పంజరం తెర తీసేసరికి, ఎర్ర చిలక పక్కనే కూర్చుని ఆకుపచ్చ చిలక కూడా గుడ్డు పెడుతోంది.