సుద్దమట్టి పూసుకున్న కాకిపిల్ల

వరదకు తల్లులు పోయిన పిట్టపిల్లల కోసం కొంగలు ఒక ఆశ్రమం పెట్టాయి. మేత తేవడం కాకమ్మ పని. పంచడం మాత్రం కొంగలదే. తెల్లపిల్లల కడుపు నిండాక ఏమైనా మిగిలితేనే కాకిపిల్లల వంతు.

ఆకలికి ఒక కాకిపిల్ల చచ్చిపోయిన రోజున కాకమ్మ కొంగల సభలో నోరు విప్పింది. "అమ్మా, మా పిల్లలకూ ఆకలేస్తుంది. వాళ్ళకూ ముందే పెట్టండి."

పెద్దకొంగ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎంత మాటన్నావే! ఇక్కడ రంగు ఎవరు చూస్తారు? నిన్ను మా పక్కన కూర్చోబెట్టుకోలేదూ?"

కొంగలన్నీ లేచి పెద్దకొంగను ఓదార్చాయి. చచ్చిన పిల్ల ఊసు ఎవరూ ఎత్తలేదు.

కాకమ్మ కాళ్ళీడ్చుకుంటూ గూళ్ళ దగ్గరికి వచ్చింది. బక్కచిక్కిన కాకిపిల్ల ఒకటి ఒళ్ళంతా సుద్దమట్టి పూసుకుని ఎదురొచ్చింది.

"అత్తా, ఇప్పుడు నాకు ముందు పెడతారా?"

కాకమ్మ దాన్ని రెక్క కిందికి లాక్కుంది.