తాబేలు మాస్టారి ఇంటిపని

ఉడుతమ్మ కూతురు తురాయికి లెక్కలంటే ప్రాణం. ఇంత చురుకైన పిల్లని ఏ బడిలో వెయ్యాలా అని ఉడుతమ్మకి ఒకటే బెంగ.

ముందు మామిడికొమ్మ మీది చిలక బడికి తీసుకెళ్లింది. తురాయి ఎక్కాలు గడగడా అప్పజెప్పేసరికి చిలక మురిసిపోయింది.

"పైకొమ్మ మీద కూర్చోబెడదాం, వచ్చేపోయేవాళ్లకి కనబడుతుంది!"

"తేనెపట్టులో గదులన్నిటికీ ఆరు గోడలే ఎందుకండీ?" అనడిగింది తురాయి.

"ఇక్కడ ప్రశ్నలు నేనడుగుతానమ్మా," అంది చిలక.

తురాయి మొహం చిన్నబోవడం చూసి ఉడుతమ్మ వెనక్కి తీసుకొచ్చేసింది. ఇక మిగిలింది చెరువుగట్టు మీద అందరి బడి. అక్కడ నత్తలూ, కప్పలూ, తేనెటీగలూ, ఎవరొస్తే వాళ్లే. ఉడుతమ్మ మొహం చిట్లించుకుంటూనే వెళ్లింది. తురాయి మళ్లీ అదే ప్రశ్న వేసింది.

తాబేలు మాస్టారు తల చిప్పలోకి లాక్కుని, చాలాసేపు ఆలోచించి, మళ్లీ బయటికి తీశాడు.

"నాకు తెలీదమ్మా. ఏమే తేనెటీగా, అది మీ ఇల్లే కదా, ఇటు రా!"

తేనెటీగ పిల్లా, తురాయీ బురదలో గదులు గీయడం మొదలుపెట్టారు. నత్తపిల్ల కూడా వచ్చి చేరింది. అది నెమ్మదిగా పాకుతూ గీసిన గీతే అన్నిటికన్నా తిన్నగా వచ్చింది.

పొద్దు వాలింది. "ఇంటికి పోదాం రావే," అంది ఉడుతమ్మ.

"ఉండమ్మా, ఇంకా తేలలేదు!"

"రేపటికి నేనూ ఆలోచించుకొస్తాలే," అన్నాడు మాస్టారు.

ఉడుతమ్మ మనసు కుదుటపడింది. తనూ బురదలో చతికిలబడి, "ఏదీ, నాకూ చూపించండర్రా," అంది.